స్పీకర్ ఓమ్‌లు, యాంప్ పరిమితి: కారు ఆడియో వైరింగ్‌లో లెక్క ఎక్కడ తప్పుతోంది

రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా, ఏ ఊళ్ళో కారు ఆడియో షాపు దగ్గర నిలబడినా ఈ రోజుల్లో ఒక మాట వినిపిస్తుంది: “వన్ ఓమ్‌కి కనెక్షన్ ఇచ్చేద్దామండీ, బేస్ అదిరిపోద్ది.” కొత్తగా సబ్ వూఫర్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) కొన్నవాళ్ళు సరేనంటారు. ఓమ్ అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డుకు కొలత. అది తగ్గే కొద్దీ యాంప్ (సౌండ్ పెంచే యాంప్లిఫయర్) నుంచి స్పీకర్ లాగే కరెంటు పెరుగుతుంది. అలా బిగించిన బళ్ళలో కొన్ని ఎండలు ముదిరేసరికి మళ్ళీ షాపు ముందు ఆగుతాయి. పాట పెట్టిన పావుగంటకు యాంప్ ఆగిపోతుంది, కాసేపటికి దానంతటదే వస్తుంది, మళ్ళీ ఆగుతుంది. యాంప్ మంచిది కాదని ఒకరు, బ్యాటరీ దిగిపోయిందని ఇంకొకరు అంటారు. ఇలాంటప్పుడు వేటినీ మార్చకముందే చూడాల్సింది ఒకటుంది. స్పీకర్లను కలిపిన తీరు వల్ల వచ్చిన మొత్తం ఓమ్ ఎంత? దాన్ని ఆ యాంప్ మోయగలదా?

సంక్షిప్తంగా

యాంప్ ఓమ్, స్పీకర్ ఓమ్ సరిగ్గా ఒకటే కావాలన్న మాట కారుకు వర్తించదు. కారు యాంప్‌కు ఒక కనీస ఓమ్ ఉంటుంది. స్పీకర్లన్నీ కలిపాక వచ్చే ఓమ్ దానికి సమానంగా గానీ, అంతకంటే ఎక్కువగా గానీ ఉంటే యాంప్‌కు ప్రమాదం లేదు. ఓమ్‌ను సగానికి దించితే దక్కేది మహా అయితే 3 డెసిబెళ్ళు (డెసిబెల్ అంటే శబ్ద తీవ్రతకు కొలత). దాని కోసం యాంప్‌లో పుట్టే వేడి రెట్టింపు, అంతకు మించి కూడా పెరుగుతుంది. తేమ, ఉప్పుగాలి ఉన్న డెల్టా ఊళ్ళలో వైరు జాయింట్ల దగ్గర పోయే పవర్ కూడా తక్కువ ఓమ్ కనెక్షన్లలోనే ఎక్కువ.

మైక్ సెట్టు, డీజే, కారు: మూడూ ఒకటి కావు

డెల్టాలో సౌండ్ పని అంటే ముందు మైక్ సెట్టు. గుడి ఉత్సవాలు, పెళ్ళి పందిళ్ళు, ఎన్నికల ప్రచార ఆటోలు అన్నీ దాని మీదే నడిచాయి. ఆ యాంప్ వెనక 4, 8, 16 ఓమ్‌లు, 70 వోల్టులు, 100 వోల్టులు అని విడివిడిగా స్క్రూలు ఉంటాయి. లోపల ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఒక్కో స్క్రూ ఆ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల్లో ఒక్కో చోట నుంచి తీసిన ట్యాప్. 16 ఓమ్‌ల హారన్ యూనిట్‌ను 16 దగ్గరే బిగించాలి. 4 దగ్గర బిగిస్తే దానికి నాలుగో వంతు పవరే అందుతుంది. 4 ఓమ్‌ల బాక్సును 16 దగ్గర బిగిస్తే యాంప్ మీద బరువు పడుతుంది. ఆ సెట్టులో ఓమ్‌కు ఓమ్ సరిపోవాలన్న నియమం పూర్తిగా సరైనదే.

ఊరేగింపుల్లో కనిపించే డీజే బళ్ళది ఇంకో లెక్క. ఆ బాక్సులు ఎక్కువగా 8 ఓమ్‌లవి. రెండు బాక్సులను ప్యారలల్‌గా (ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట) కలిపితే 4, నాలుగు కలిపితే 2. యాంప్‌లకు జనరేటర్ నుంచి 230 వోల్టులు అందుతాయి కాబట్టి 8 ఓమ్‌ల మీద కూడా వందల వాట్లు తీయడం వాటికి కష్టం కాదు.

కారులో ఇప్పుడు వాడే యాంప్‌లకు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు. వాల్యూమ్ ఎంత పెడితే అంత వోల్టేజిని యాంప్ స్పీకర్ వైర్ల మీద నిలబెడుతుంది. దాన్నుంచి ఎంత కరెంటు లాక్కోవాలన్నది స్పీకర్ ఓమ్ నిర్ణయిస్తుంది. యాంప్ సొంత అంతర్గత ఓమ్ చాలా చిన్నది, ఒక ఓమ్‌లో కొన్ని నూరో వంతులు మాత్రమే. పాలిటెక్నిక్, బీటెక్‌లలో గరిష్ఠ పవర్ బదిలీ సిద్ధాంతం చదువుకున్నవాళ్ళు ఇక్కడే తడబడతారు. సోర్సు ఓమ్, లోడు ఓమ్ సమానంగా ఉండాలన్న ఆ సూత్రాన్ని యాంప్‌కు వర్తింపజేస్తే, పవర్‌లో సగం యాంప్‌లోనే కాలిపోవాలి. ఆడియో యాంప్‌ను ఎవరూ అలా తయారుచేయరు. కారు యాంప్ మీద “2 ఓమ్ స్టేబుల్” అని ఉంటే, 2కు దిగువకు వెళ్ళొద్దని అర్థం. దాని మీద 4 ఓమ్‌ల స్పీకర్ పెట్టినా, ఇంట్లో మిగిలిపోయిన 8 ఓమ్‌ల స్పీకర్ పెట్టినా ఏమీ కాలదు, సౌండ్ కొంత తగ్గుతుందంతే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. మైక్ సెట్టు కోసం వాడిన 100 వోల్టుల లైన్ స్పీకర్‌ను తెచ్చి కారుకు బిగిస్తే దాదాపు ఏమీ వినిపించదు. 100 వోల్టుల దగ్గర 10 వాట్లు తీసుకునేలా చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ యాంప్‌కు 1000 ఓమ్‌లుగా కనిపిస్తుంది. ముందు స్పీకర్ వెనక ఉన్న ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను తప్పించాలి.

“50 వాట్లు × 4” ఎక్కడి నుంచి వచ్చింది

ఇంజన్ నడుస్తున్నప్పుడు కారు వైరింగ్‌లో ఉండేది 13.8 నుంచి 14.4 వోల్టులు. డ్యాష్‌బోర్డులో ఉండే మామూలు స్టీరియోకు దాన్ని పెంచుకునే ఏర్పాటు లేదు. ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోవడానికి, ఒక్కో స్పీకర్‌కూ ఐసీలో (చిప్‌లో) రెండు చిన్న యాంప్‌లను ఎదురెదురుగా పెడతారు. ఒకటి వోల్టేజిని పైకి లాగుతుంటే రెండోది కిందికి లాగుతుంది. అందుకే ఈ స్టీరియోల్లో స్పీకర్‌కు వెళ్ళే రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది. పాత బళ్ళలో మైనస్ వైరును బాడీకి ఎర్త్ చేసేవాళ్ళు. ఆ పద్ధతి ఇప్పటి స్టీరియోలో ఐసీని దెబ్బతీస్తుంది.

ఇంత చేసినా స్పీకర్‌కు అందే శిఖరం ఆ 14.4 వోల్టులే. పవర్ అంటే వోల్టేజి వర్గాన్ని ఓమ్‌తో భాగించగా వచ్చేది. 14.4 వర్గం 207. నాలుగుతో భాగిస్తే 52 వాట్లు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే 50 ఇదే. సౌండ్ పూర్తిగా చితికి, తరంగం చదరంగా తెగిపోయినప్పుడు వచ్చే సంఖ్య ఇది. శుభ్రమైన సైన్ తరంగానికి అది సగమై 26కు దిగుతుంది. ఐసీలో పోయేది పోగా స్పీకర్‌కు నిజంగా మిగిలేది 18 నుంచి 22 వాట్లు. ఇదే స్టీరియోకు 8 ఓమ్‌ల స్పీకర్ పెడితే 10 వాట్ల దగ్గర ఆగిపోతుంది. కార్లలో 4 ఓమ్‌లు స్థిరపడిపోవడానికి కారణం ఈ వోల్టేజి కరువే.

విడిగా కొనే యాంప్ ఈ కరువును లోపలే తీర్చుకుంటుంది. అందులో ఉండే కన్వర్టర్ బ్యాటరీ వోల్టేజిని పెంచి ఇస్తుంది. 4 ఓమ్‌ల మీద 100 వాట్లు కావాలంటే సగటు లెక్కన 20 వోల్టులు, శిఖరం దగ్గర 28 వోల్టులు కావాలి. బ్యాటరీ నేరుగా ఇవ్వలేనిది అక్కడ తయారవుతుంది. ఎంత వోల్టేజి తయారు చేయాలన్నది డిజైన్ దశలోనే తేలిపోతుంది. 500 వాట్లను 4 ఓమ్‌ల మీద ఇవ్వాలంటే దాదాపు 45 వోల్టులు, 11 ఆంపియర్లు చాలు. అవే 500 వాట్లను 1 ఓమ్ మీద ఇవ్వాలంటే 22 వోల్టులు, 22 ఆంపియర్లు. పవర్ ఒకటే అయినా ఇవి రెండు వేర్వేరు యాంప్‌లు. 1 ఓమ్ కోసం తయారైనదానికి 4 ఓమ్‌లు తగిలిస్తే దాని పేరు మీదున్న పవర్‌లో నాలుగో వంతు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి యాంప్ కొనేటప్పుడు పెట్టె మీద పెద్దగా కనిపించే సంఖ్య కంటే, మనం కలపబోయే ఓమ్ దగ్గర అది ఎన్ని ఆర్ఎంఎస్ వాట్లు (నిలకడగా ఇవ్వగల పవర్) ఇస్తుందో చూడడం ముఖ్యం. యాంప్ పవర్ కొలిచే తీరుకు ప్రమాణమైన సీఈఏ-2006 (ఇప్పుడు సీటీఏ-2006) గుర్తు ఉన్న యాంప్‌లలో ప్రధాన రేటింగును 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల మీద, వక్రీకరణ (సౌండ్ చితకడం) ఒక శాతం దాటకుండా కొలిచి ఇస్తారు. అలాంటి సంఖ్యలనే ఒకదానితో ఒకటి పోల్చవచ్చు.

ఒక సబ్ వూఫర్, నాలుగు టెర్మినళ్ళు

సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపితే, ఓమ్‌లు కూడతాయి. ప్యారలల్‌లో, అన్నీ ఒకే ఓమ్‌వి అయితే, ఎన్ని ఉంటే అన్నింటితో భాగించాలి. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తికమక వచ్చేది డ్యూయల్ కాయిల్ సబ్ వూఫర్ల దగ్గర.

పెట్టెలోంచి తీసి వెనక్కి తిప్పితే అలాంటి వూఫర్‌కు నాలుగు టెర్మినళ్ళు కనిపిస్తాయి, రెండు ఎరుపు, రెండు నలుపు. ఒకే కోన్ వెనక రెండు కాయిళ్ళు చుట్టి ఉంటాయి. “డ్యూయల్ 4” అంటే ఒక్కో కాయిల్ 4 ఓమ్‌లు. ఎరుపులు రెండూ ఒకచోట, నలుపులు రెండూ ఒకచోట కలిపితే 2 ఓమ్‌లు. ఒక కాయిల్ నలుపును రెండో కాయిల్ ఎరుపుకు కలిపి, మిగిలిన రెండింటినీ యాంప్‌కు ఇస్తే 8 ఓమ్‌లు. రెండు కాయిళ్ళూ వాడుతూ ఒక్క డ్యూయల్ 4 వూఫర్‌తో 4 ఓమ్‌లు తీసుకురావడం కుదరదు. “డ్యూయల్ 2” అయితే 1 గానీ 4 గానీ వస్తుంది. యాంప్ 2 ఓమ్‌ల దాకా మోస్తుంటే డ్యూయల్ 4 కొనాలి. అది వదిలేసి డ్యూయల్ 2 కొంటే, ఒక కనెక్షన్‌లో యాంప్ మీద అధిక భారం, ఇంకో కనెక్షన్‌లో యాంప్ సత్తా పూర్తిగా వాడని పరిస్థితి. వూఫర్ మోడల్ ఒకటే, ధర ఒకటే, ఓమ్ ఒక్కటే తేడా. తప్పు కౌంటర్ దగ్గరే జరిగిపోతుంది, తర్వాత వైరింగ్‌తో దిద్దుకోవడానికి దారి ఉండదు.

రెండు డ్యూయల్ 4 వూఫర్లు ఉంటే అన్ని కాయిళ్ళనూ ప్యారలల్ చేస్తే 1 ఓమ్. ఒక్కో వూఫర్‌ను సిరీస్ చేసి, ఆ రెండింటినీ ప్యారలల్ చేస్తే 4. రెండు డ్యూయల్ 2 వూఫర్లను ఇలాగే కలిపితే 2 వస్తుంది. వాటిలోని నాలుగు కాయిళ్ళనూ ప్యారలల్ చేస్తే మాత్రం అర ఓమ్‌కు పడిపోతుంది. మామూలుగా దొరికే యాంప్‌లలో దాన్ని తట్టుకునేవి అరుదు.

సిరీస్ చేసేటప్పుడు ఎరుపును ఎరుపుకు కలిపేస్తే ఒక కాయిల్ ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతుంది. కోన్ కదలదు, బేస్ రాదు. వూఫర్ పాడైందనుకుని వాల్యూమ్ ఇంకా పెంచితే, కదలిక లేక గాలి తగలని కాయిల్ మాడిపోతుంది.

వేర్వేరు ఓమ్‌ల స్పీకర్లను ఒకే ఛానల్‌కు కలపడం ఇంకో చిక్కు. 4, 8 ఓమ్‌లను సిరీస్ చేస్తే 8 ఓమ్‌లదానికి రెట్టింపు పవర్ వెళ్తుంది. ప్యారలల్ చేస్తే తిరగబడి, 4 ఓమ్‌లది రెట్టింపు తింటుంది. షేరింగ్ ఆటోల్లో పాత స్పీకర్ పక్కన ఇంకో స్పీకర్, దాని పక్కన మరొకటి కలుపుకుంటూ పోయినప్పుడు ఒకటి గట్టిగా, ఒకటి నీరసంగా వినిపించేది ఇందుకే. పైగా 4 ఓమ్‌లవి రెండు ప్యారలల్ అయ్యేసరికే స్టీరియో ఛానల్ మీద 2 ఓమ్‌ల భారం పడుతుంది. చాలా స్టీరియోల స్టిక్కర్ మీద 4 నుంచి 8 ఓమ్‌లని స్పష్టంగా రాసి ఉంటుంది.

బ్రిడ్జ్ చేస్తే సగమే

రెండు ఛానళ్ళను కలిపి ఒకే స్పీకర్‌కు ఇవ్వడం బ్రిడ్జింగ్. ఒక ఛానల్ నెడుతుంది, ఇంకోటి లాగుతుంది. స్పీకర్ మీద వోల్టేజి రెట్టింపవుతుంది కాబట్టి కరెంటూ రెట్టింపవుతుంది. అందువల్ల ఒక్కో ఛానల్‌కు 4 ఓమ్‌ల స్పీకర్ 2 ఓమ్‌లుగా అనిపిస్తుంది. 4 ఓమ్‌ల మీద 60 వాట్లు, 2 ఓమ్‌ల మీద 90 వాట్లు ఇచ్చే రెండు ఛానళ్ళ యాంప్, బ్రిడ్జ్ చేసినప్పుడు 4 ఓమ్‌ల మీద 180 వాట్లు ఇస్తుందంటే కారణం అదే. స్టీరియోలో 2 ఓమ్‌ల దాకా మోసే యాంప్‌కు బ్రిడ్జ్‌లో కనీసం 4. “ఇది 2 ఓమ్ యాంపే కదా” అని బ్రిడ్జ్ చేసి 2 ఓమ్‌ల వూఫర్ తగిలిస్తే ఒక్కో ఛానల్ మీద పడేది 1 ఓమ్.

డ్యాష్‌బోర్డు స్టీరియో ఛానళ్ళను ఇలా బ్రిడ్జ్ చేయకూడదు. అవి లోపలే బ్రిడ్జ్ అయి ఉన్నాయి.

ఓమ్ దించితే వచ్చేదెంత, పోయేదెంత

4 ఓమ్‌ల నుంచి 2కు దించితే పవర్ రెట్టింపు కావాలని లెక్క చెబుతుంది. అసలు యాంప్‌లలో అంత పెరగదు. కన్వర్టర్ వోల్టేజి కొంత కుంగుతుంది, ట్రాన్సిస్టర్లలో నష్టం పెరుగుతుంది. ఒక క్లాస్ ఏబీ యాంప్ 4 ఓమ్‌ల మీద 100 వాట్లు, 2 ఓమ్‌ల మీద 160 వాట్లు ఇస్తుందనుకుందాం. పెరిగింది 2 డెసిబెళ్ళు. పూర్తిగా రెట్టింపైనా 3 డెసిబెళ్ళే. చెవికి శబ్దం రెండింతలైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెళ్ళు పెరగాలి, అంటే పవర్ పది రెట్లు కావాలి. 2 డెసిబెళ్ళ తేడాను ముందూ వెనకా మార్చి వినిపిస్తే తెలుస్తుంది. మర్నాడు బండి ఎక్కి వింటే గుర్తుపట్టడం కష్టం.

ఇక వేడి. అదే యాంప్ 4 ఓమ్‌ల దగ్గర 60 శాతం సామర్థ్యంతో పనిచేస్తే, 100 వాట్లు బయటికి ఇవ్వడానికి బ్యాటరీ నుంచి 167 వాట్లు తీసుకుంటుంది. హీట్‌సింక్‌లోకి 67 వాట్లు వెళ్తాయి. 2 ఓమ్‌ల దగ్గర సామర్థ్యం 50 శాతానికి పడిందనుకుంటే 320 వాట్లు తీసుకుని, 160 ఇచ్చి, 160 వేడిగా మారుస్తుంది. సౌండ్ 2 డెసిబెళ్ళు పెరగడానికి వేడి 2.4 రెట్లు పెరిగింది. పాటల్లో నిలకడగా పూర్తి పవర్ ఉండదు కాబట్టి సగటున వేడి ఇంతకంటే తక్కువే, అయినా నిష్పత్తి మాత్రం ఇలాగే ఉంటుంది. ట్రాన్సిస్టర్లను స్విచ్చుల్లా వేగంగా ఆన్, ఆఫ్ చేసే క్లాస్ డీ యాంప్‌ల సామర్థ్యం 80 శాతం దాకా ఉంటుంది కాబట్టి వాటిలో వేడి తక్కువ. సబ్ వూఫర్ల కోసం 1 ఓమ్ మోనో యాంప్‌లు ఇంత విరివిగా రావడానికి ఆ పద్ధతే కారణం. తక్కువ ఓమ్ దగ్గర వాటిలోనూ సామర్థ్యం తగ్గుతుంది.

మే నెలలో రాజమహేంద్రవరంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల 60 డిగ్రీల దాకా వెళ్తుంది. సీటు కింద కార్పెట్ మీదో, డిక్కీలో వూఫర్ బాక్సు వెనకో గాలి ఆడకుండా బిగించిన యాంప్ ఆ వేడి దగ్గరే పని మొదలుపెడుతుంది. 30 డిగ్రీల దగ్గర గంటల తరబడి పాడిన 2 ఓమ్‌ల కనెక్షన్, అక్కడ కొద్దిసేపట్లోనే ప్రొటెక్షన్‌లోకి (యాంప్ తనను కాపాడుకోవడానికి ఆగిపోయే స్థితిలోకి) వెళ్ళిపోవడానికి కారణం ఇదే. శీతాకాలంలో బాగానే పనిచేసిందన్న సాక్ష్యం ఎండాకాలానికి చెల్లదు.

బ్యాటరీ వైపు కూడా లెక్క చూడాలి. 500 వాట్ల క్లాస్ డీ యాంప్ 80 శాతం సామర్థ్యంతో పూర్తిగా పనిచేస్తే 13.8 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు తీసుకుంటుంది. చిన్న కార్ల ఆల్టర్నేటర్లు సాధారణంగా 60 నుంచి 90 ఆంపియర్లవి, అదీ ఇంజన్ వేగంగా తిరిగినప్పుడు. ఏసీ, హెడ్‌లైట్లు కూడా దాని మీదే. ఇక సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళను గోదావరి దాటించే పడవ) కోసం ఇంజన్ ఆపి ఎదురుచూస్తూ పాటలు వింటుంటే, మొత్తం బరువు బ్యాటరీదే. అప్పుడు వోల్టేజి 12.6కు, ఇంకా కిందికి దిగుతుంది. లోపల వోల్టేజిని స్థిరంగా ఉంచే ఏర్పాటు లేని యాంప్‌లలో పవర్ వోల్టేజి వర్గంతో పాటు తగ్గుతుంది కాబట్టి, 14.4 నుంచి 12.6కు రాగానే నాలుగో వంతుకు కొంచెం తక్కువ పోతుంది. ఓమ్ దించి సంపాదించిన 2 డెసిబెళ్ళలో ఒకటికి పైగా అక్కడే కరిగిపోతుంది.

ఇంకొకటుంది. వూఫర్ కాయిల్ రాగి. రాగి వేడెక్కే కొద్దీ దాని నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. గట్టిగా వాయించినప్పుడు కాయిల్ 100 డిగ్రీలు వేడెక్కడం విశేషమేమీ కాదు. అంటే 39 శాతం పెరుగుదల. పైగా బాక్సులో పెట్టిన వూఫర్ ఓమ్ స్వరాన్ని బట్టి మారుతుంటుంది, రెజొనెన్స్ (వూఫర్ సహజంగా ఊగే స్వరం) దగ్గర చాలా రెట్లు పెరుగుతుంది. 1 ఓమ్‌కు కలిపామనుకున్నది పాట నడుస్తుండగా 2, 3 ఓమ్‌లుగా ప్రవర్తిస్తుండవచ్చు. అలాగని యాంప్ కనీసాన్ని దాటి కిందికి కలపడం సరికాదు. ఓమ్ పెరగని స్వరాలు కూడా ఉంటాయి, యాంప్ పోయేది వాటి దగ్గరే.

సౌండ్ పెంచుకోవడానికి ఇంతకంటే మంచి దారి స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు అది ఎంత గట్టిగా మోగుతుందన్నది. 87 డెసిబెళ్ళ స్పీకర్ బదులు 90 డెసిబెళ్ళది పెడితే పవర్ రెట్టింపు చేసినంత ఫలితం, ఒక్క వాటు వేడి పెరగకుండా. స్టిక్కర్ చూసేటప్పుడు అది 1 వాటు దగ్గర కొలిచిందో, 2.83 వోల్టుల దగ్గర కొలిచిందో గమనించాలి. 2.83 వోల్టులు 8 ఓమ్‌ల మీద 1 వాటు, 4 ఓమ్‌ల మీద 2 వాట్లు. రెండో పద్ధతిలో కొలిచిన 4 ఓమ్‌ల స్పీకర్ కాగితం మీద 3 డెసిబెళ్ళు ఎక్కువగా కనిపిస్తుంది.

ఉప్పుగాలి తినే జాయింట్లు

అంతర్వేది, ఉప్పాడ లాంటి తీరపు ఊళ్ళలోనే కాదు, కోనసీమ లోపల కూడా వానాకాలం తేమకు రాగి తీగలు త్వరగా రంగు మారతాయి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్‌ను రెండేళ్ళకు విప్పి చూస్తే టేపు జిగురుగా జారిపోతుంది, లోపల తీగలు నల్లబడి, అంచుల్లో పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. కొత్తలో ఏమీ లేని ఆ జాయింట్‌కు ఇప్పుడు 0.1 ఓమ్ నిరోధం వచ్చిందనుకుందాం. 500 వాట్లు 4 ఓమ్‌ల కనెక్షన్‌లో వెళ్తుంటే కరెంటు 11 ఆంపియర్లు, జాయింట్‌లో పోయేది 12 వాట్లకు కొంచెం ఎక్కువ. అవే 500 వాట్లు 1 ఓమ్ కనెక్షన్‌లో అయితే 22 ఆంపియర్లు, పోయేది 50 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండు ఆ టేపు కింద పెట్టినట్టే. పాటలో అంత పవర్ ఆగి ఆగి వస్తుంది కాబట్టి వెంటనే కాలదు, కానీ ఇన్సులేషన్ మెత్తబడడం, నల్లబడడం అక్కడి నుంచే మొదలవుతుంది.

స్పీకర్ వైరుదీ ఇదే వరస. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకు 0.017 ఓమ్. డిక్కీలోని యాంప్ నుంచి ముందు తలుపు దాకా 5 మీటర్లనుకుంటే, రానూ పోనూ 10 మీటర్లు, 0.17 ఓమ్. 4 ఓమ్‌ల స్పీకర్‌కు వెళ్ళే పవర్‌లో 4 శాతం అందులో పోతుంది, పట్టించుకోనక్కర్లేదు. అదే వైరు 1 ఓమ్‌కు వాడితే పోయేది 15 శాతం. బజారులో చవగ్గా దొరికే సీసీఏ వైరు, అంటే పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న వైరు, నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. కోసిన చివర చూస్తే మధ్యలో తెల్లగా మెరుస్తుంది, గుర్తుపట్టడం తేలిక. తేమ తగిలే చోట దాని చివర్లు రాగి కంటే తొందరగా పాడవుతాయి. ఈ ప్రాంతంలో వైరుకు పెట్టే డబ్బు, లగ్‌లు క్రింప్ చేసి హీట్ ష్రింక్ గొట్టం తొడగడానికి పట్టే శ్రమ యాంప్‌ను కాపాడతాయి. 2 ఓమ్‌ల దగ్గర ఆగి ఆ పని చక్కగా చేయించుకోవడం, 1 ఓమ్‌కు దించి మెలిపెట్టి వదిలేయడం కంటే ఎన్నో రెట్లు మేలు.

ట్వీటర్ కలిపితే 2 ఓమ్‌లు అవుతుందా

వూఫర్ 4, ట్వీటర్ (పై స్వరాల కోసం పెట్టే చిన్న స్పీకర్) 4, రెండూ ప్యారలల్, మరి 2 కావాలి కదా అన్నది తరచూ ఎదురయ్యే సందేహం. కాదు. ట్వీటర్‌కు సిరీస్‌లో ఒక కెపాసిటర్ ఉంటుంది. 4.7 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 100 హెర్ట్జ్ దగ్గర దాదాపు 340 ఓమ్‌ల అడ్డు పెడుతుంది. బేస్ వరకూ ట్వీటర్ లేనట్టే లెక్క. 4 ఓమ్‌ల ట్వీటర్‌తో కలిసి ఆ కెపాసిటర్ 8,500 హెర్ట్జ్ ప్రాంతం నుంచి పైకి దారి ఇస్తుంది. ఆ ఎత్తులో వూఫర్ ఓమ్ దాని కాయిల్ ఇండక్టెన్స్ వల్ల పెరిగి ఉంటుంది కాబట్టి, అక్కడా యాంప్ మీద పెద్ద బరువు పడదు.

ఓమ్ మార్చినప్పుడు తేడా వచ్చేది ఇక్కడే. అదే కెపాసిటర్ ఉంచి 8 ఓమ్‌ల ట్వీటర్ పెడితే కోత 4,200 హెర్ట్జ్‌కు దిగుతుంది. చిన్న ట్వీటర్‌కు దాని తాహతుకు మించిన కింది స్వరాలు వెళ్ళి కాలిపోతుంది. యాంప్‌కు ఏ హానీ లేని మార్పు స్పీకర్‌కు హాని చేసే సందర్భం ఇది. కాంపొనెంట్ సెట్టుతో (వూఫర్, ట్వీటర్ విడివిడిగా ఉండేది) వచ్చే క్రాస్‌ఓవర్‌ను, అంటే స్వరాలను ఆ రెండింటికీ పంచే భాగాన్ని, వేరే ఓమ్ స్పీకర్లకు వాడకూడదన్న మాట వెనక ఉన్న కారణమూ ఇదే.

మీటరు ఏం చెబుతుంది

200 ఓమ్‌ల రేంజిలో పెట్టిన మల్టీమీటరు ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకిస్తే 0.2 నుంచి 0.5 దాకా చూపిస్తుంది. అది ప్రోబు వైర్ల సొంత నిరోధం, ప్రతి రీడింగు నుంచి తీసేయాలి. ఆ తర్వాత 4 ఓమ్‌ల కాయిల్ మీద 3.2 నుంచి 3.6 వస్తే కాయిల్ ఆరోగ్యంగా ఉన్నట్టే. మీటరు కొలిచేది డీసీ నిరోధాన్ని. స్టిక్కర్ మీద ఉండేది నామమాత్రపు ఇంపెడెన్స్ (పాట సిగ్నల్‌కు స్పీకర్ పెట్టే అడ్డు), ఐఈసీ 60268-5 ప్రమాణం ప్రకారం నిజమైన ఇంపెడెన్స్ అందులో 80 శాతానికి దిగువకు పోకూడదు. 4 ఓమ్‌లకు ఆ హద్దు 3.2. డ్యూయల్ 4 వూఫర్ ప్యారలల్‌లో 1.7 దగ్గర, సిరీస్‌లో 7 దగ్గర చూపిస్తుంది.

కొలవడం యాంప్ దగ్గర, వైర్లు యాంప్ నుంచి విప్పాక చేయాలి. వూఫర్ దగ్గర 1.7, యాంప్ చివర 2.3 వస్తే మధ్యలో ఎక్కడో జాయింట్ చెడింది. ఒక్కో వైరుకూ, కారు బాడీకీ మధ్య కూడా చూడాలి. ఏ రీడింగూ రాకూడదు. తలుపు సందులో నలిగి ఇన్సులేషన్ పోయిన వైరు బాడీకి తగులుతుంటే ఓమ్ లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా యాంప్ ప్రొటెక్షన్‌లోకి వెళ్తుంది. పోలారిటీకి ఒక పెన్‌టార్చ్ సెల్ చాలు. టెర్మినళ్ళకు ఒక్క క్షణం తాకిస్తే, కోన్ బయటికి వచ్చినప్పుడు సెల్ ప్లస్ తగిలినదే స్పీకర్ ప్లస్.

ఎలక్ట్రిక్ కార్లు వస్తే

ఎలక్ట్రిక్ కార్లలో ఆల్టర్నేటర్ లేదు. పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టుల వైరింగ్‌కు కరెంటు ఇచ్చేది డీసీ-డీసీ కన్వర్టర్. దాని వోల్టేజి నిలకడగా ఉంటుంది, రేవులో ఆగినా దిగదు, ఆడియోకు అది మంచిదే. కానీ బ్రేకులు, స్టీరింగ్, కంప్యూటర్లు అన్నీ ఆధారపడే ఆ కన్వర్టర్‌కు ఆంపియర్ల పరిమితి ఖచ్చితంగా ఉంటుంది. ఆల్టర్నేటర్ మార్చినట్టు దాన్ని మార్చుకోవడం కుదరదు. 12 వోల్టుల సహాయక బ్యాటరీ కూడా చాలా మోడళ్ళలో చిన్నది. అలాంటి బండిలో ఓమ్ దించి ఎక్కువ కరెంటు లాగే పద్ధతికి చోటు తక్కువ. అదే పవర్‌ను 4 ఓమ్‌ల మీద ఇచ్చే క్లాస్ డీ యాంప్, 90 డెసిబెళ్ళు దాటిన స్పీకర్లు ఉన్న సెట్టే అక్కడ నిలుస్తుంది.